‘ది సీ హాక్’: సముద్రపు దొంగకూ రాణిగారి దళపతికీ మధ్య ఒక కాగితం

గోడ నిండా పరిచిన ప్రపంచపటం ముందు స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ నిలబడి ఉంటాడు. ఉత్తరాన ఉన్న ఇంగ్లండ్ ఒక్కటి లొంగితే చాలు, ఆ తరువాత ఇది ప్రపంచపటం కాదు, స్పెయిన్ పటమేనని తన సభలోని వారితో అంటాడు. అతని నీడ ఆ పటం మీద నల్లగా పరుచుకుంటుంది. కథాకాలం 1585. కానీ ఈ సన్నివేశాన్ని 1940 వేసవిలో చూసిన ప్రేక్షకులకు ఆ నీడ ఎవరిదో వేరే చెప్పనక్కరలేకపోయింది. జూన్ నెలలో ఫ్రాన్స్ పడిపోయింది. హిట్లర్ సేనలకూ ఇంగ్లండుకూ నడుమ ఒక సన్నని జలసంధి మాత్రమే మిగిలింది.

వార్నర్ బ్రదర్స్ సంస్థ నిర్మించగా మైకేల్ కర్టిజ్ దర్శకత్వం వహించిన ‘ది సీ హాక్’ అలా మొదలవుతుంది. ఎరాల్ ఫ్లిన్ ఇందులో జెఫ్రీ థోర్ప్ అనే ఓడ కెప్టెన్. అతని ఓడ పేరు ఆల్బట్రాస్. ఎలిజబెత్ రాణి కోసం స్పెయిన్ ఓడలను కొల్లగొట్టే ‘సీ హాక్స్’ బృందంలో అతనే ముఖ్యుడు. కాంతారావు కత్తియుద్ధాలు చూస్తూ పెరిగిన మన తరంవారికి ఈ సినిమా వరస కొత్తగా అనిపించదు. ఒంటిచేత్తో పదిమందిని నిలువరించే వీరుడు, రాజసభలో నవ్వుతూ వెన్నుపోటు పొడిచే మంత్రి, శత్రుపక్షపు ఇంటి పిల్లతో ప్రేమ, చెర, సంకెళ్ళు, తప్పించుకుని రావడం, చివర్లో మెట్ల మీదుగా సాగే కత్తిపోరు అన్నీ ఇందులో ఉన్నాయి. వినోదం వరకు చిక్కేమీ లేదు. చిక్కంతా ఆ కథానాయకుడిని ఏమని పిలవాలన్న దగ్గర వస్తుంది. శాంతికాలంలో పరదేశపు ఓడను ఫిరంగులతో కొట్టి అందులోని బంగారాన్ని పట్టుకుపోయేవాడు దొంగా, దళపతా? సినిమా ఈ ప్రశ్నను తానే లేవనెత్తి, తనకు నచ్చిన జవాబు ఇచ్చుకుంది. ఆ జవాబు ఎంతవరకు నిజమో తెలియాలంటే 16వ శతాబ్దపు సముద్ర చట్టాన్నీ, 1940 నాటి అమెరికా రాజకీయాన్నీ కలిపి చూడక తప్పదు.

మొదట ఆ ప్రశ్న వచ్చే సన్నివేశం చూద్దాం. లండనుకు వస్తున్న స్పెయిన్ రాయబారి ఓడను థోర్ప్ పట్టుకుంటాడు. రాయబారి మేనకోడలు డోన్యా మరియా అతన్ని మొహంమీదే దొంగ అంటుంది. థోర్ప్ కోపగించుకోడు. ఆమె పెట్టెలో దొరికిన నగలను తాను మెచ్చుకుంటున్నాననీ, ముఖ్యంగా ఆ బంగారపు పని మెక్సికో ఆదివాసులైన అజ్టెక్‌లదిలా ఉందనీ, దాన్ని వదులుకోవడానికి ఆ ‘ఇండియన్ల’ను (అమెరికా ఆదివాసులను) ఎలా ఒప్పించి ఉంటారోనని ఆశ్చర్యపడుతున్నాననీ అంటాడు. ఆమె దగ్గర జవాబు ఉండదు. తరువాత ఆ నగలను అతను ఆమెకు తిరిగి ఇచ్చేస్తాడు కూడా. ఒక్క మాటతో దోపిడీ న్యాయమైపోయింది: దొంగసొమ్మును దోచుకుంటే దొంగతనమెలా అవుతుందన్నది అతని వాదన. ఎంతో చక్కగా రాసిన సంభాషణ ఇది. కానీ ఆనాటి ఇంగ్లండ్ న్యాయస్థానంలో ఈ వాదన చెల్లేది కాదు. అక్కడ చెల్లేది ఒక కాగితం.

ఆ కాగితాన్ని ప్రతీకార పత్రం అనేవారు. ఒక వర్తకుడి సరుకును పరదేశంవారు అన్యాయంగా పట్టుకుంటే, ఆ నష్టాన్ని అతను సముద్ర వ్యవహారాలు విచారించే అడ్మిరల్టీ న్యాయస్థానంలో రుజువు చేసుకుని, ఆ దేశపు ఓడల మీద పడి తన నష్టాన్ని రాబట్టుకోవడానికి అనుమతి పొందవచ్చు. 1585 మేలో ఫిలిప్ తన రేవుల్లో ఉన్న ఇంగ్లిషు ఓడలను జప్తు చేయించడంతో ఇటువంటి పత్రాలు వరసగా జారీ అయ్యాయి. నష్టం రుజువు చేయాలన్న నియమం త్వరలోనే పేరుకు మాత్రం మిగిలింది. పట్టుకున్న సరుకులో పదో వంతు నౌకాదళాధిపతి అయిన లార్డ్ అడ్మిరల్‌కు, 5 శాతం సుంకం రాణిగారి ఖజానాకు పోగా, మిగిలినది సాధారణంగా మూడు వాటాలయ్యేది. ఓడ యజమానులకు ఒకటి, తిండిగింజలూ మందుగుండూ సమకూర్చినవారికి ఒకటి, కళాసీలకు ఒకటి. అంటే ఇది చాలావరకు లండన్ వర్తకులు డబ్బు పెట్టి నడిపిన వ్యాపారం. జీతం లేకుండా వాటా మీద పనిచేసే మనుషులు, లాభం మీద కన్నేసిన పెట్టుబడిదారులు, తన వాటా తాను తీసుకుని స్పెయిన్ రాయబారి ముందు ఏమీ ఎరగనట్టుండే ప్రభుత్వం కలిస్తే ఆ కాలపు సముద్ర వీరత్వం.

సినిమాలోని థోర్ప్‌కు ఫ్రాన్సిస్ డ్రేక్ జీవితం ఆధారం. 1577లో బయలుదేరి 1580లో భూమిని చుట్టివచ్చిన డ్రేక్, దారిలో పసిఫిక్ తీరాన ఒక స్పెయిన్ ఓడను పట్టుకుని దానిలోని వెండిని తన ఓడలోకి ఎక్కించుకున్నాడు. అప్పటికి రెండు దేశాల మధ్య యుద్ధం లేదు. స్పెయిన్ రాయబారి మెండోసా ఎంత మొత్తుకున్నా రాణి సొమ్ము తిరిగి ఇవ్వలేదు. 1581లో డెట్‌ఫర్డ్ రేవులో డ్రేక్ ఓడ మీదికే వచ్చి అతనికి నైట్ బిరుదు ఇచ్చింది. ఆ బిరుదు ఇచ్చేటప్పుడు కత్తిని తాను పట్టకుండా ఫ్రెంచి దూత చేతికి అందించిందని చెబుతారు. నేరమంటూ ఉంటే దానిలో ఫ్రాన్సుకూ పాలు పంచడమన్నమాట. సినిమాలో ఎలిజబెత్ పాత్ర వేసిన ఫ్లోరా రాబ్సన్ ఈ లౌక్యాన్ని బాగా పట్టుకుంది. నిండు సభలో సీ హాక్స్‌ను చీవాట్లు పెట్టిన రాణి, పనామాలో స్పెయిన్ సంపదను దోచుకురావాలని థోర్ప్ ఏకాంతంలో చెప్పే పథకాన్ని ఆసక్తిగా వింటుంది. ఇంగ్లండ్ రాణిగా ఒప్పుకోలేనంటూనే, ఎలిజబెత్‌గా తన మనసు అతని వెంట ఉంటుందని తెలియజేస్తుంది. ఈ సినిమాలో చరిత్రకు అతి దగ్గరగా వచ్చిన ఘట్టం ఇదేనని నా అభిప్రాయం.

తక్కిన చోట్ల మాత్రం చరిత్రను తిప్పి రాశారు. కథ స్పెయిన్ రాయబారి లండన్ రావడంతో మొదలవుతుంది గదా. నిజానికి 1585లో లండనులో స్పెయిన్ రాయబారే లేడు. రాణిపై కుట్రలో చెయ్యి ఉందని 1584 ఆరంభంలోనే మెండోసాను పంపించివేశారు, ఆ తరువాత ఆ పదవిలోకి ఎవరూ రాలేదు. ఇక ద్రోహి. స్పెయిన్‌తో రహస్యంగా చేతులు కలిపిన ఆ మంత్రికి సినిమాలో లార్డ్ వుల్ఫింగమ్ అని పేరు పెట్టారు. వినగానే రాణిగారి కార్యదర్శి ఫ్రాన్సిస్ వాల్సింగమ్ గుర్తుకు వస్తాడు. కానీ స్పెయిన్ మీద గూఢచారుల వలపన్ని, ఆ దేశాన్ని ఎదిరించి తీరాలని రాణిని వేధించినవాడు వాల్సింగమే! ఓడలు కట్టవద్దు, ఖర్చు పెట్టవద్దు, ఫిలిప్ మనకు మిత్రుడని సభలో నచ్చజెప్పే ద్రోహి 1585 సంగతి ఎలా ఉన్నా, 1930ల చివర్లో అటువంటి మాట అన్నవారు లండనులోనూ వాషింగ్టనులోనూ కొల్లలుగా ఉన్నారు. ఆ పాత్రను రాసింది వారిని ఉద్దేశించే.

అమెరికా అప్పటికి తటస్థ దేశం. నాజీలను పేరు పెట్టి తిట్టే సినిమా తీస్తే విదేశీ విపణి పోతుందని చాలా స్టూడియోలు వెనుకాడుతున్న రోజులవి. వార్నర్ సోదరులు ఈ విషయంలో ముందడుగు వేసినవారు. 1939లోనే నాజీ గూఢచారుల మీద సూటిగా ఒక సినిమా తీశారు. యుద్ధ ప్రచారం చేస్తున్నారన్న ఆరోపణపై 1941 సెప్టెంబరులో అమెరికా సెనేట్ ఉపసంఘం హాలీవుడ్‌ను విచారణకు పిలిచినప్పుడు, హ్యారీ వార్నర్ స్వయంగా వెళ్ళి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. అటువంటి వాతావరణంలో 350 ఏళ్ళ కిందటి కథ మంచి ముసుగు. సెటన్ మిల్లర్ రాసిన కథకు హోవర్డ్ కోచ్ మెరుగులు దిద్దాడు. చివరి దృశ్యంలో రాణి చేసే ప్రసంగం సారాంశమిది: తన ప్రజలు యుద్ధం కోరుకోలేదు, కానీ ఒక్క మనిషి దురాశ ప్రపంచాన్ని మింగబోతున్నప్పుడు, ఈ భూమి ఏ ఒక్కడిదీ కాదు, మనుషులందరిదీ అని చాటడం స్వేచ్ఛాజీవుల బాధ్యత. ఈ మాటలు ఎలిజబెత్ నోటి నుంచి వచ్చే మాటలు కావు. ఆమె కాలపు రాజులెవరూ భూమి మనుషులందరిదీ అనుకోలేదు. కానీ 1940లో బాంబుల కింద తలదాచుకుంటున్న బ్రిటిష్ ప్రేక్షకుడికి అవి ఎంత బలమిచ్చి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

ఈ సినిమా తీసినవారిలో కొందరికి ఆ ప్రమాదం దూరపు సంగతి కాదు. కర్టిజ్ బుడాపెస్ట్‌లో పుట్టిన యూదుడు. సంగీతం కూర్చిన ఎరిక్ వుల్ఫ్‌గాంగ్ కార్న్‌గోల్డ్ వియన్నాలో బాలమేధావిగా పేరు తెచ్చుకున్న యూదు స్వరకర్త. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నప్పుడు ఆయన హాలీవుడ్‌లో ఒక సినిమా పని మీద ఉన్నాడు. ఆ పనే తనను కాపాడిందని నమ్మాడు. ఈ సినిమా నేపథ్య సంగీతాన్ని ఒక పూర్తి ఒపేరా రాసినంత శ్రద్ధతో రాశాడు. సంకెళ్ళు తెంచుకున్న ఖైదీలు ఓడను రేవు దాటించి తెరచాపలు విప్పుతున్నప్పుడు వాద్యబృందం మీదికి గాయకుల గొంతులు ఎగసి వస్తాయి. ఇల్లు పోగొట్టుకున్నవాడు ఇంటికి మళ్ళిన ఓడకు కట్టిన బాణీ అది. ఈ సంగతి తెలిశాక నేను ఆ పాటను మునుపటిలా వినలేకపోతున్నాను.

పనితనం గురించి ఒకటి రెండు మాటలైనా చెప్పాలి. వార్నర్ సంస్థ ఈ చిత్రం కోసమే పెద్ద నీటి తొట్టి ఉన్న కొత్త స్టేజీ కట్టించి, అందులో నిజమైన పరిమాణంలో రెండు ఓడలను పక్కపక్కన నిలబెట్టింది. సముద్రంలో ఊగినట్టు కనపడటానికి వాటిని యంత్రాలతో కదిలించారు. దూరం నుంచి కనిపించే కొన్ని ఓడపోరు దృశ్యాలు మాత్రం 1935లో ఇదే దర్శకుడు, ఇదే నటుడు చేసిన ‘కెప్టెన్ బ్లడ్’ నుంచి తీసుకున్నవి. పనామా అడవి భాగాన్ని గోధుమరంగు ఛాయలో చూపించారు. నలుపు తెలుపు చిత్రం ఉన్నట్టుండి ఉడుకెత్తినట్టుగా మారి, ఆ బురద, ఆ దోమలు, ఆ జ్వరం కంటికి తగులుతాయి. చివరి కత్తిపోరులో ఛాయాగ్రాహకుడు సోల్ పోలిటో మనుషుల కంటే నీడలను ఎక్కువగా చూపించాడు. థోర్ప్, వుల్ఫింగమ్‌ల నీడలు గోడమీద రెండు నిలువుల ఎత్తున లేచి ఒకదానిపై ఒకటి పడుతుంటాయి, కత్తివేటుకు కొవ్వొత్తులు తెగిపడతాయి. వుల్ఫింగమ్ వేషం వేసిన హెన్రీ డానియెల్‌కు కత్తి తిప్పడం రాదు, అందువల్ల చాలాచోట్ల వేరేవారు అతని బదులు పోరాడారు. ఆ లోపాన్ని కప్పడానికి నీడలూ ఉపయోగపడ్డాయి.

కథ పేరు ఒక చోటిది, కథ ఒక చోటిది. రఫాయెల్ సబాటినీ 1915లో ఇదే పేరుతో నవల రాశాడు. దానిలోని కథానాయకుడు కార్న్‌వాల్ పెద్దమనిషి; సవతి తమ్ముడి మోసం వల్ల స్పెయిన్ తెడ్ల ఓడలో బానిసై, తరువాత ఉత్తర ఆఫ్రికా తీరపు ముస్లిం సముద్రపు దొంగలలో చేరి, వారి నాయకుడవుతాడు. 1924 నాటి మూగచిత్రం ఈ కథనే అనుసరించింది. 1940 చిత్రం పేరు మాత్రం ఉంచుకుని కథను వదిలేసింది. స్వదేశానికే శత్రువైన ఇంగ్లిషువాడు ఆ ఏడాది ఎవరికీ పనికిరాడు గదా. కానీ చరిత్ర చూస్తే సబాటినీ ఊహ అంత అసంభవమేమీ కాదు. 1603లో గద్దెనెక్కిన జేమ్స్ రాజు స్పెయిన్‌తో సంధికి సిద్ధమై ప్రతీకార పత్రాలను వెనక్కి తీసుకున్నాడు. నిన్నటి దాకా దేశభక్తులైన కెప్టెన్లు ఆ పూటనుంచి దొంగలయ్యారు. వారిలో కొందరు నిజంగానే ఉత్తర ఆఫ్రికా రేవులకు చేరి అక్కడివారితో కలిసి దోపిడీ సాగించారు. మనిషి మారలేదు, ఓడ మారలేదు, చేసే పనీ మారలేదు. కాగితం ఒక్కటే చెల్లకుండా పోయింది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది తెడ్ల ఓడ దృశ్యం. పనామాలో పట్టుబడిన థోర్ప్‌నూ అతని మనుషులనూ మత విచారణ న్యాయస్థానం (ఇంక్విజిషన్) యావజ్జీవితం తెడ్డు వేసే శిక్షకు పంపుతుంది. ఓడ అడుగున చొక్కాల్లేని మనుషులను బల్లలకు గొలుసులతో కట్టేసి ఉంటారు. డప్పు దెబ్బకు అందరూ ఒక్కసారి ముందుకు వంగుతారు, మరో దెబ్బకు ఒక్కసారి వెనక్కి వాలుతారు. వరసల మధ్య కొరడా తిరుగుతుంటుంది. ఇది కట్టుకథ కాదు. మెక్సికోలోని మత విచారణ న్యాయస్థానం 1570లలో కొందరు ఇంగ్లిషు కళాసీలకు ఏళ్ళ తరబడి తెడ్డు వేసే శిక్ష వేసింది. వారి సహచరుడు జాబ్ హార్టాప్ అనే తుపాకి మందు పనివాడికి స్పెయిన్‌లోని సెవిల్‌లో అటువంటి శిక్షే పడింది; అతను ఏళ్ళ తరబడి తెడ్డు వేసి, చివరికి ఇంగ్లండు చేరి తన కథ రాసుకున్నాడు.

అయితే ఆ కళాసీలు మెక్సికో ఎందుకు వెళ్ళారన్నది సినిమా చెప్పదు. వారు 1567లో జాన్ హాకిన్స్ వెంట బయలుదేరినవారు. హాకిన్స్ ఆఫ్రికా పశ్చిమ తీరాన వందలాది మందిని పట్టుకుని, కరీబియన్ తీరాల్లో స్పెయిన్ వలసదారులకు బానిసలుగా అమ్మాడు. అతని పెద్ద ఓడ ‘జీసస్ ఆఫ్ ల్యూబెక్’ రాణిగారిదే. బృందంలో ఒక చిన్న ఓడకు కుర్రవాడైన డ్రేక్ కెప్టెన్. తిరుగుదారిలో తుపానుకు దెబ్బతిని 1568లో మెక్సికోలోని సాన్ హువాన్ దే ఉలువా రేవులో ఆగినప్పుడు స్పెయిన్ నౌకాదళం మాట తప్పి వారిపై పడింది. డ్రేక్ జీవితాంతం మరచిపోని పగ అక్కడ మొదలైంది. ఆ పగ వెనుక నిజమైన నమ్మకద్రోహం ఉంది, ఆ నమ్మకద్రోహం వెనుక గొలుసులతో నిండిన ఓడ ఉంది. సినిమా ఆ గొలుసులను తీసుకుంది గానీ, వాటిని ఇంగ్లిషు కాళ్ళకు మాత్రమే తగిలించింది. ఆఫ్రికావారి ప్రసక్తి లేకుండా బానిసత్వం మీద కథ నడిచిపోయింది.

పనామా దారిదోపిడీ విషయంలోనూ ఇదే జరిగింది. 1573లో డ్రేక్ పనామా తీరపు రేవు నొంబ్రే దే దియోస్ దగ్గర వెండి మోసుకొస్తున్న కంచరగాడిదల వరసను దోచుకున్నప్పుడు అతనికి దారి చూపి, తిండి పెట్టి, వేగు తెచ్చినవారు స్పెయిన్ యజమానుల నుంచి పారిపోయి అడవిలో ఊళ్ళు కట్టుకున్న ఆఫ్రికన్లు. వారిని సిమరోన్లనేవారు. వారి సాయం లేకపోతే ఆ దాడి జరిగేదే కాదు. థోర్ప్ మాత్రం అదే అడవిలో తన ఇంగ్లిషు మనుషులతో ఒంటరిగా తిరుగుతాడు. సినిమా సిమరోన్లను చూపించి ఉంటే, 1940లో స్వేచ్ఛ గురించి తాను చెప్పదలచిన మాటకు వారికంటే మంచి సాక్షులు దొరికేవారు కారు. ఆ అవకాశాన్ని చేజార్చుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఈ కథకు మన తీరంతో కూడా సంబంధం ఉంది. 1592లో ఇంగ్లిషు దోపిడీ ఓడలు అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర ‘మాద్రే దె దెయుస్’ అనే పోర్చుగీసు ఓడను పట్టుకున్నాయి. పోర్చుగల్ 1580 నుంచి స్పెయిన్ రాజు కిందే ఉంది కాబట్టి కాగితం ప్రకారం అది న్యాయమైన వేటే. ఇండియా నుంచి తిరిగివస్తున్న ఆ ఓడ నిండా మిరియాలు, లవంగాలు, రత్నాలు, నూలు బట్టలు ఉన్నాయి. అంత సంపదను ఒక్కచోట చూడటం ఇంగ్లండ్ వర్తకులకు అదే మొదలు. 1600 డిసెంబరు 31న అదే ఎలిజబెత్ రాణి ఈస్టిండియా కంపెనీకి వ్యాపార అధికార పత్రం ఇచ్చింది. కంపెనీ మొదటి ఓడలకు నాయకుడు జేమ్స్ లాంకాస్టర్. బ్రెజిల్ రేవును కొల్లగొట్టి వచ్చిన అనుభవశాలి. 1602లో అతను మలక్కా జలసంధిలో, ఇప్పటి చెన్నైలోని శాంథోమ్ నుంచి వస్తున్న పోర్చుగీసు ఓడను పట్టుకున్నాడు. దానిలో ఉన్నది వెండీ బంగారమూ కాదు, కోరమాండల్ తీరపు నూలు బట్టలు, అద్దకపు బట్టలు. ఆ మూటలను తన ఓడల్లోకి మార్చుకోవడానికే రోజులు పట్టింది. తూర్పు దీవుల్లో మిరియాలు కొనాలంటే ఇంగ్లండ్ ఉన్ని ఎవరికీ అక్కర్లేదనీ, ఈ బట్టలే అక్కడ చెల్లుతాయనీ కంపెనీకి తెలిసివచ్చింది.

తొమ్మిదేళ్ళ తరువాత, 1611లో, కంపెనీ ఓడ ‘గ్లోబ్’ మచిలీపట్నం రేవులో లంగరు వేసింది. ఈసారి అది వచ్చింది అద్దకపు బట్టలు డబ్బిచ్చి కొనడానికి.